పాత ఇనప డిబ్బీలు కొనేముందు బోర్లించి చూడండి

పిల్లలు నాణేలు దాచుకునే, రంగులేసిన పాతకాలం బొమ్మ డిబ్బీల మీద మనసు పడ్డవాళ్లు ఎక్కువమంది చేసేది ఒకటే, ఫొటోలో బొమ్మ ముఖం చూస్తారు, భలే ఉందే అనుకుంటారు, వెంటనే రేటు అడిగేస్తారు. ముఖాన్ని ఎవరైనా దిద్దుతారు. అడుగు భాగాన్ని, వీపుని, కడుపు లోపలి పోతని కూడా పాతదానిలా తయారుచేసే ఓపిక చాలా తక్కువమందికి ఉంటుంది, అందుకే ఈ లైన్లో ఎన్నాళ్ల నుంచో ఉన్నవాళ్లు చేతికి బొమ్మ అందగానే దాని ముఖం కూడా చూడకుండా ముందు బోర్లిస్తారు. ఆ అలవాటు ఎలా చేసుకోవాలి, బోర్లించాక ఏం చూడాలి, ఇంటికొచ్చిన బొమ్మని పాడవకుండా ఎలా ఉంచుకోవాలి అన్నదే ఇక్కడ చెప్పబోయేది.

నేను ముఖ్యంగా మాట్లాడేది 1870ల నుంచి రెండో ప్రపంచ యుద్ధం దాకా అమెరికాలో పోత ఇనుముతో చేసిన బొమ్మ డిబ్బీల గురించి. రేకు డిబ్బీల సంగతి తర్వాత కొంచెం చెప్తాను, వాటి లెక్క వేరు.

ఏది ఏదో తెలుసుకోవడం

వీటిలో రెండు జాతులు. నాణెం వేస్తే లేదా మీట నొక్కితే ఏదో ఒక ఆట చూపించేవి మెకానికల్ బ్యాంకులు. ఊరికే కూర్చుని డబ్బులు మింగేవి స్టిల్ బ్యాంకులు, అంటే కుక్క, పంది, సింహం, ఇల్లు, ఇనప్పెట్టె ఆకారాల్లో ఉండే కదలని బొమ్మలు. మెకానికల్ వాటికే పేరు, వాటికే ధర, మోసాలు కూడా వాటిలోనే ఎక్కువ.

మెకానికల్ రకంలో పోత ఇనుముతో వచ్చిన తొలి తరం బొమ్మ అంటే అందరూ చూపించేది 1869 డిసెంబర్‌లో జాన్ హాల్ పేటెంట్ తీసుకున్న హాల్స్ ఎక్సెల్సియర్. చిన్న బ్యాంకు భవనం ఆకారం, ముందున్న గంట పిడి లాగితే పైకప్పు మీది గోపురం మూతలా లేచి లోపల కోతి క్యాషియర్ కనిపిస్తుంది, దాని ముందు నాణెం పెడితే ఆ బరువుకే కిందకి దిగిపోయి మూత పడిపోతుంది. దీన్ని తయారుచేసింది కనెక్టికట్ రాష్ట్రంలోని క్రామ్‌వెల్‌లో 1843లో మొదలైన జె అండ్ ఇ స్టీవెన్స్ కంపెనీ. ఈ రంగంలో అన్నిటికంటే పెద్ద పేరు వాళ్లదే. న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో ఊళ్లో షెపర్డ్ హార్డ్‌వేర్ 1882 నుంచి ఓ పదేళ్లు మాత్రమే బొమ్మ డిబ్బీలు చేసింది గానీ, రంగులద్దడంలో వాళ్ల పనితనం చూస్తే కళ్లు తిప్పుకోలేం. ఫిలడెల్ఫియాలో కైజర్ అండ్ రెక్స్, పెన్సిల్వేనియాలోనే లాంకాస్టర్‌లో 1894లో మొదలైన హబ్లీ, ఇంగ్లండ్‌లో విలెన్‌హాల్ ఊళ్లో జాన్ హార్పర్, ఇవి కూడా తెలిసుండాల్సిన పేర్లు. స్టిల్ బ్యాంకుల్లో ఒహాయోలోని రవెన్నాకి చెందిన ఎ.సి. విలియమ్స్, ఇల్లినాయ్‌లోని ఫ్రీపోర్ట్‌కి చెందిన ఆర్కేడ్ పేర్లు పదేపదే వినిపిస్తాయి. విలియమ్స్ బొమ్మలు ఉల్‌వర్త్ లాంటి చవక దుకాణాల్లో లెక్కలేనన్ని అమ్ముడుపోయాయి, అందుకే ఇప్పటికీ దొరుకుతాయి.

కంపెనీ పేరు బొమ్మ మీద ఉంటుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. చాలావాటి మీద ఉండదు, ఉంటే పేటెంట్ తేదీ ఉంటుంది, ఆ తేదీ చూసి పొంగిపోతే అసలుకే మోసం, ఎందుకంటే అసలు బొమ్మని అచ్చుగా పెట్టి నకలు పోస్తే ఆ తేదీ కూడా దానితోపాటు దిగిపోతుంది. తేదీ ఉంటే ఆ డిజైన్ ఎప్పటిదో తెలుస్తుంది, మీ చేతిలో ఉన్న ఇనుము ఎప్పటిదో తెలియదు.

మొదట్లో ఏం కొనాలి అని అడిగితే నా ఓటు స్టిల్ బ్యాంకుకే. కదిలే భాగాలు ఉండవు కాబట్టి విరిగి అతికించిన చోట్లు తక్కువ, కళ్లకి పని నేర్పడానికి ఇంతకంటే చవకైన బడి లేదు. మెకానికల్ కావాలని పట్టుబడితే ఎక్కువ కాలం, ఎక్కువ సంఖ్యలో తయారైన వాటితో మొదలుపెట్టండి. టామనీ బ్యాంక్ అలాంటిదే, దాని తొలి పేటెంట్ 1873 నాటిది. కుర్చీలో కూర్చున్న బొద్దు రాజకీయ నాయకుడు, చేతిలో నాణెం పెడితే ఆ బరువుకి చెయ్యి వాలి నాణెం జేబులోకి జారుతుంది, పైగా థాంక్స్ అన్నట్టు తల ఊపుతాడు. న్యూయార్క్‌లో టామనీ హాల్ అనే రాజకీయ ముఠా నాయకుడు విలియం ట్వీడ్ అవినీతి కేసులో దోషిగా తేలింది కూడా 1873లోనే, కాబట్టి అప్పట్లో ఈ బొమ్మని చూసి ఎవరికీ విడిగా వివరించాల్సిన పని లేకపోయి ఉంటుంది. స్ప్రింగ్ ఉండదు, మొత్తం బరువు మీదే నడుస్తుంది, అందుకే రిపేర్ల గోల తక్కువ. కానీ దీని నకళ్లు కూడా కుప్పలుతెప్పలు, ఆ సంగతి మరిచిపోకూడదు.

డబ్బంతా రంగుకే

కొత్తవాళ్లకి నమ్మబుద్ధి కాని విషయం ఇది. ఒకే బొమ్మ, ఒకే కంపెనీ, ఒకే అచ్చు, రెండూ చక్కగా పనిచేస్తాయి, కానీ ఒకదాని మీద అసలు రంగు తొంభై శాతం మిగిలి ఉంటే, ఇంకోదాని మీద సగమే ఉంటే ధరలో తేడా రెట్టింపుతో ఆగదు, అంతకు ఎన్నో రెట్లు పోతుంది. ఇనుము ఎటూ ఉంటుంది, నూట పాతికేళ్లు పిల్లల చేతుల్లో నలిగాక కూడా నిలబడ్డ రంగే అరుదు. కాబట్టి అమ్మేవాళ్లు కూడా రంగు ఎంత శాతం మిగిలిందో చెప్పే అమ్ముతారు. ఆ శాతం వాళ్ల లెక్క, మీ లెక్క మీరు వేసుకోండి: వెనక వైపు, చేతుల కింద, మీట చుట్టూ కలిపి చూస్తే వాళ్లు చెప్పిన అంకె సాధారణంగా కాస్త కిందకి దిగుతుంది.

దీనిలోంచే ఇంకో రూల్ పుడుతుంది. పెచ్చులూడిన అసలు రంగు, మెరిసిపోయే కొత్త రంగుకంటే ఎప్పుడూ మేలు. తళతళలాడేలా మళ్లీ పెయింట్ వేయించిన బొమ్మని సేకరించేవాళ్లు పట్టించుకోరు, పట్టించుకున్నా విడిభాగాల రేటు ఇస్తారు. కొన్నాక మీరు కూడా చెయ్యకూడని మొదటి పని అదే. పాతది కదా కాస్త ముస్తాబు చేద్దాం అనిపిస్తుంది, వద్దు.

రంగు అసలుదో కాదో చూడ్డానికి ముందు అరుగుదల ఎక్కడుందో చూడండి. నిజంగా వాడిన బొమ్మ నాణెం పట్టే చోట, మీట దగ్గర, ముక్కు, మోకాలు, టోపీ అంచు లాంటి పైకి పొడుచుకొచ్చిన చోట, నేలకి రాసుకునే అడుగు అంచున అరుగుతుంది. చెవి వెనక పల్లంలో, చంక కింద, ఎవరి వేలూ దూరని చోట రంగు లేచిపోయి, ముక్కు మీద మాత్రం నిండుగా ఉంటే లెక్క తప్పినట్టే. నాణెం గీతల సంగతి కూడా అంతే. ఉదాహరణకి నాణెం వేసే చీలిక పక్కన రంగుని భూతద్దంలో చూస్తే పాతదైతే ఒకదాని మీద ఒకటి పడ్డ సన్నటి గీతలు చీలిక వైపే వంగి కనిపిస్తాయి, ఆ గీతల అడుగున ఇనుము గోధుమరంగుగా ముదిరి, అంచుల్లో మట్టి పట్టి ఉంటుంది. చేత్తో గీకి పాతది చేసిన దాంట్లో గీతలు అటూ ఇటూ పోతాయి, అడుగున ఇనుము తెల్లగా మెరుస్తుంది, లేదా అప్పుడే పూసినట్టు నారింజ రంగు తుప్పు ఉంటుంది. పాత తుప్పు గట్టిగా, ముదురు గోధుమరంగులో ఉంటుంది, వేలితో రుద్దితే అంటదు. నారింజ రంగు పొడి వేలికి అంటిందంటే దాన్ని ఎవరో ఉప్పునీళ్లలో నానబెట్టారేమో అని అనుమానించడంలో తప్పు లేదు.

షెపర్డ్ బొమ్మల విషయంలో ఒక మినహాయింపు ఉంది. వాళ్లు ఇనుము మీద అడుగుపూత వెయ్యకుండానే రంగేశారు, అందుకే అంత అందమైన పని పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుంది. నిండుగా రంగున్న షెపర్డ్ బొమ్మ కనిపిస్తే ఒకటికి రెండుసార్లు చూడండి, అది చాలా విలువైనదైనా అయ్యుండాలి, లేదా ఎవరో దిద్దిందైనా అయ్యుండాలి.

స్టిల్ బ్యాంకుల్లో బంగారు రంగువి ఎక్కువ. ఆ బంగారం నిజానికి ఇత్తడి పొడి కలిపిన పూత, కాలం గడిచేకొద్దీ నల్లబడి మాగిన తేనెరంగుకి వస్తుంది. నగలా మెరుస్తుంటే జాగ్రత్త.

అల్ట్రావయలెట్ టార్చ్ ఒకటి కొనుక్కోండి, 365 నానోమీటర్లది, పెద్ద ఖర్చు కాదు. చీకటి గదిలో దాన్ని బొమ్మ మీదకి తిప్పితే తర్వాత అద్దిన చోట్లు పక్కనున్న పాత రంగుకంటే వేరుగా వెలుగుతాయి, లేదా నల్లటి మచ్చల్లా కనిపిస్తాయి. తెలుపు రంగు బాగా ఉపయోగపడుతుంది: టైటానియం తెలుపు వాడకంలోకి వచ్చిందే 1920 ప్రాంతంలో, కాబట్టి 1880ల నాటి బొమ్మ కాలర్ మీద అది ఉండటానికి వీల్లేదు. అయితే టార్చ్ చెప్పిందే వేదం అనుకోవద్దు, పాత వార్నిష్ కూడా వెలుగుతుంది, మైనం కూడా వెలుగుతుంది, అతితెలివి నకలుగాళ్లు వెలగని రంగులు ఏరి వాడతారు. అనుమానం పుట్టించడానికి టార్చ్, తీర్పు చెప్పడానికి మిగతావన్నీ.

పిన్నుతో గుచ్చి చూడమని కొందరు చెప్తారు, పాత రంగు పెళుసుగా పొడిలా రాలుతుంది, కొత్త రంగు ముద్దగా చుట్టుకుంటుంది అని. మాట నిజమే, కానీ మీది కాని బొమ్మని గుచ్చకండి, మీదైనా సరే బయటికి కనిపించే చోట గుచ్చకండి.

ఇప్పుడు బోర్లించండి

అసలు బొమ్మలు సన్నటి ఇసకలో, నునుపుగా చెక్కిన లోహపు అచ్చులతో పోసినవి. రెండు సగాలు కలిసే చోట అతుకు సన్నగా, గోరు దూరనంత బిగుతుగా ఉంటుంది, పనివాళ్లు చేత్తో ఆకురాయి పట్టి సరిచేశారు కాబట్టి. నకలులో ఆ అతుకు దగ్గర సందు కనిపిస్తుంది, అంచులు ఒకదానికొకటి కూర్చోవు. ఉపరితలం వేలితో తడిమితే గరుకుగా, చిన్నచిన్న గుంటలతో ఉంటుంది. లోపలి వైపు ఇంకా ఘోరంగా ఉంటుంది. నాణేలు తీసే మూత తెరిచి వేలు పెట్టి లోపల తడమండి, పాతదాంట్లో లోపలి వైపు కూడా ఆశ్చర్యపోయేంత నునుపుగా ఉంటుంది. వేళ్ల గోళ్లు, చొక్కా గుండీలు, జుట్టు పాయలు, అక్షరాల మూలలు స్పష్టంగా ఉన్నాయా, లేక సబ్బుబిళ్లలా కరిగిపోయి ఉన్నాయా చూడండి.

తర్వాత స్క్రూలు. ప్లస్ గుర్తు తల ఉన్న ఫిలిప్స్ స్క్రూ 1930ల నడిమి నుంచి వచ్చింది, 1885 నాటి బొమ్మకి అది ఉంటే ఆ స్క్రూ అయినా మార్చారు, లేదా బొమ్మే కొత్తది. అసలువాటికి ఒక్క గాడి స్క్రూలు గానీ, సుత్తితో కొట్టి తల చదును చేసిన రివెట్లు గానీ ఉంటాయి. స్క్రూ గాడిలో కొత్త గీతలుంటే ఎవరో ఈమధ్యే విప్పారన్నమాట, ఎందుకు విప్పారో అడగండి.

అన్నిటికంటే నమ్మకమైన పరీక్షకి ఒక కాగితం, ఒక పెన్సిల్ చాలు. కరిగిన ఇనుము చల్లారాక దాదాపు ఒక శాతం కుంచించుకుపోతుంది. మొదట్లో కంపెనీ ఆ తరుగు లెక్కేసుకుని అచ్చుని కాస్త పెద్దదిగా చెక్కుతుంది. నకలు పోసేవాడు అసలు బొమ్మనే అచ్చుగా వాడతాడు కాబట్టి వాడి పోత ఇంకో శాతం చిన్నదవుతుంది. ఇరవై సెంటీమీటర్ల పీఠంలో అది రెండు మిల్లీమీటర్లు. అందుకే సేకరించేవాళ్లు అసలు బొమ్మల పీఠాల చుట్టుగీతలు కాగితం మీద గీసి దాచుకుంటారు, కొత్తగా దొరికినదాన్ని ఆ గీత మీద కూర్చోబెడితే గీత లోపలికే సర్దుకుపోయిందంటే నకలు. ముక్కలు విప్పదీసి అన్నిటినీ పోతపోసి కలిపితే చెయ్యి, మీట లాంటి కదిలే భాగాలు కూడా సరిగ్గా కూర్చోవు, ఆట తడబడుతుంది.

1950, 60లలో గ్రోలియర్ అనే ప్రచురణ సంస్థ బుక్ ఆఫ్ నాలెడ్జ్ పేరుతో మోస్లర్ అనే ప్రసిద్ధ సేకర్త దగ్గరున్న అసలు బొమ్మల నుంచి నకళ్లు తీయించింది. అది మోసం కాదు, అసలు నుంచి తీసిన నకలని అడుగునే పోతలో రాసి ఉంటుంది, వాటిని వాటిగా సేకరించేవాళ్లు కూడా ఉన్నారు. చిక్కు ఎక్కడంటే ఆ రాతని గ్రైండర్‌తో చెరిపేసి, పైన రంగు పూసి, అసలుదని అమ్మేవాళ్ల దగ్గర. పీఠం అడుగున ఎక్కడైనా ఒక్క చోట మాత్రమే ఆకురాయి పట్టినట్టు నునుపుగా, పల్లంగా, చుట్టూ ఉన్న ఇనుముకంటే వేరే రంగులో కనిపిస్తే అక్కడ ఏం రాసి ఉండేదో మీరే ఊహించుకోండి.

రిపేర్ల సంగతి. పోత ఇనుము గట్టిదే గానీ పెళుసు, కింద పడితే వంగదు, విరుగుతుంది. అతికించిన చోటు బయట రంగు కింద దాక్కుంటుంది, లోపల మాత్రం పసుపురంగు ఇత్తడి గీతలా కనిపిస్తుంది. చిన్న అయస్కాంతం తీసుకుని చేతులు, మీట, చిన్న బొమ్మలు ఒక్కొక్కటీ తాకించి చూడండి, అంటుకోని భాగం సీసంతోనో ఇత్తడితోనో మళ్లీ చేసింది అయ్యుండొచ్చు. నాణేల మూత పోయినవి చాలా ఉంటాయి, స్ప్రింగ్ మార్చినవీ ఉంటాయి, ఆ రెండూ పెద్ద నేరాలు కావు, చెప్పి అమ్మితే ధర కొంచెం తగ్గుతుంది అంతే. తల మార్చినా, చెయ్యి మార్చినా మాత్రం ధర సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు.

కొన్ని బొమ్మలకి వాటివే పరీక్షలుంటాయి. స్టీవెన్స్ కంపెనీ చేసిన, 1883 నాటి ఈగిల్ అండ్ ఈగ్లెట్స్ తీసుకోండి. తల్లి గద్ద ముక్కున నాణెం పెట్టి మీట నొక్కితే అది వంగి గూట్లోకి నాణెం వదులుతుంది, పిల్లలు నోళ్లు తెరుస్తూ పైకి లేస్తాయి, లోపలున్న చిన్న తిత్తి కీచుమని అరుస్తుంది. ఆ తిత్తి చాలావాటిలో చిరిగిపోయి మూగపోయింది, కాబట్టి కొనేటప్పుడు చూడ్డమే కాదు, వినాలి కూడా. గద్ద కళ్లు గాజువి, అవి ఉన్నాయా, మార్చారా చూసుకోండి. అలాగే ట్రిక్ డాగ్: విదూషకుడు పట్టుకున్న వలయంలోంచి కుక్క దూకి నోట్లో నాణేన్ని పీపాలో వేస్తుంది. 1888లో షెపర్డ్ చేసిన దాని పీఠం ఆరు ముక్కల్ని కలిపింది, తర్వాత హబ్లీ చేసింది ఒకే పోత పీఠం. రెండూ అసలువే, కానీ షెపర్డ్ రేటు చెప్పి హబ్లీది చేతిలో పెడితే పీఠం చూసి పట్టుకోవచ్చు. చీలిక కొలత కూడా ఒక్కోసారి కథ చెప్తుంది, 1857 నుంచి వచ్చిన అమెరికా సెంటు 19 మిల్లీమీటర్లే, పాత ఇంగ్లండ్ పెన్నీ దాదాపు 31 మిల్లీమీటర్లు, కాబట్టి ఇంగ్లండ్‌ది అని చెప్పిన బొమ్మలో పెన్నీ పట్టకపోతే అడగాల్సిన ప్రశ్న ఒకటుంది.

కొనే చోట

దూరం నుంచి కొంటుంటే కనీసం ఈ ఫొటోలు అడగండి: అడుగు భాగం, వీపు, అతుకులు, చీలిక దగ్గరగా, స్క్రూ తలలు, మూత తీసి లోపల. పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా. మెకానికల్ అయితే నెమ్మదిగా ఆడించిన వీడియో. "మా తాతగారిది, నాకు వీటి గురించి ఏమీ తెలీదండీ" అనే మాట విన్నప్పుడల్లా ఫొటోలు ఇంకో రెండు ఎక్కువ అడగండి, ఏమీ తెలీనివాళ్లు కూడా రేటు మాత్రం చాలా కచ్చితంగా చెప్తుంటారు. వాపసు ఇస్తారా అని ముందే రాతపూర్వకంగా తీసుకోండి.

వేలంలో పాడేటప్పుడు సుత్తి పడ్డ ధర మీద కొనేవాళ్ల కమీషన్ అదనంగా పడుతుంది, ఇరవై శాతమో అంతకు పైనో ఉండటం మామూలే, ఆ లెక్క మనసులో ముందే వేసుకుని మీ పైమెట్టు నిర్ణయించుకోండి. పెద్ద సేకరణలు వేలానికి వచ్చినప్పటి కేటలాగులు చూడటం మంచి చదువు, 2007లో స్టెక్‌బెక్ దంపతుల మెకానికల్ బ్యాంకుల సేకరణ మొత్తం డెబ్భై లక్షల డాలర్లకి పైగా పలికింది. అలాంటి కేటలాగుల్లో రంగు ఎలా వర్ణిస్తారో, ఏ లోపాన్ని ఏ మాటతో కప్పుతారో నెమ్మదిగా అర్థమవుతుంది. 1958లో మొదలైన మెకానికల్ బ్యాంక్ కలెక్టర్స్ ఆఫ్ అమెరికా అనే సంఘం ఉంది, స్టిల్ బ్యాంకులవాళ్లకి వేరే సంఘం ఉంది. పీఠం గీతలు పోల్చి చూడాలంటే చివరికి మనుషులే కావాలి కాబట్టి అలాంటి చోట పరిచయాలు పెంచుకోవడం పనికొస్తుంది. వేరే దేశం నుంచి తెప్పిస్తుంటే నూరేళ్లు దాటిన వస్తువులకి కస్టమ్స్‌లో విడి వర్గం ఉంటుంది, వయసు రాసిన బిల్లు అడిగి తీసుకోండి.

ఇంకో సంగతి దాటెయ్యలేను. ఈ బొమ్మల్లో చాలావాటిలో ఆనాటి జాతి ద్వేషం పచ్చిగా కనిపిస్తుంది. నల్లవాళ్లని వెక్కిరించే బొమ్మలు డజన్ల కొద్దీ ఉన్నాయి. చైనావాళ్ల రాకని నిషేధిస్తూ అమెరికా చట్టం చేసింది 1882 మేలో, చైనా మనిషిని పేకాట మోసగాడిగా చూపించే డిబ్బీకి పేటెంట్ వచ్చింది అదే ఏడాది ఆగస్టులో. ఐరిష్ వాళ్లని పందితో కలిపి చూపించిందీ 1882 నాటిదే. వీటిని కొనాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వాళ్లది, నేనైతే ముద్దొచ్చే బొమ్మల మధ్య ముద్దొచ్చే బొమ్మలా వాటిని పెట్టడానికి ఒప్పుకోను. మిషిగన్‌లో ఫెర్రిస్ స్టేట్ యూనివర్సిటీలో ఉన్న జిమ్ క్రో మ్యూజియం ఇలాంటి వస్తువుల్ని ఏ సందర్భంలో చూపించాలో ఆ సందర్భంతో చూపిస్తుంది. ఇంకో లెక్క కూడా ఉంది, ఈ రకం వాటికి నకళ్లు విపరీతంగా వచ్చాయి, ద్వేషాన్ని కొత్తగా పోసి మరీ అమ్ముతున్నారన్నమాట.

రేకు డిబ్బీలు

రేకు మీద అచ్చేసిన డిబ్బీల్లో జర్మనీ న్యూరెంబర్గ్‌వి ముందు వరస, ముఖ్యంగా సాల్‌హైమర్ అండ్ స్ట్రాస్ చేసినవి. అమెరికాలో చెయిన్ కంపెనీవి వాటికంటే తేలిగ్గా దొరుకుతాయి. ఇక్కడ రంగు పూసింది కాదు, అచ్చేసింది, కాబట్టి దిద్దడం కష్టం, దిద్దితే తెలిసిపోతుంది. భూతద్దం పెట్టి చూస్తే పాత అచ్చులో రంగులు నిండుగా, గట్టిగా పరుచుకుని ఉంటాయి. పత్రికల ఫొటోల్లోలా నాలుగు రంగుల చుక్కలు వరుసకట్టి కనిపిస్తే కొత్త అచ్చు. రేకు చెవులు మడిచి బిగించిన చోట ఒకటికంటే ఎక్కువసార్లు మడత విప్పిన గుర్తులుంటే లోపల ఏదో చేశారు. ఎండలో పెడితే ఎరుపు ముందు పోతుంది, తేమలో పెడితే మడతల్లో తుప్పు మొదలవుతుంది. అంతే.

ఇంటికొచ్చాక

కడగొద్దు. సబ్బు నీళ్లు, వంటింటి స్ప్రేలు, తుప్పు వదిలించే ద్రావకాలు, ఇనప పీచు, ఏదీ వద్దు. మెత్తటి పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి, మూలల్లో మట్టి గట్టిగా పట్టి ఉంటే అది రంగుని పట్టుకుని ఉందేమో చూసుకోండి, కొన్నిసార్లు మట్టి తీస్తే పెచ్చు కూడా వచ్చేస్తుంది. రంగు గట్టిగా ఉన్న చోట మ్యూజియంలలో వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం పల్చగా రాయొచ్చు. పెచ్చులు లేస్తున్న చోట చెయ్యి పెట్టకుండా లోహ వస్తువులు చూసే సంరక్షకులకి చూపించడమే తెలివి.

ఆ రోజుల్లో రంగుల్లో సీసం ఉండేది. ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి, రాలిన పొడిని ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి, గరుకు కాగితంతో రుద్దే ఆలోచనే పెట్టుకోకండి, చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి. పేరుకి బొమ్మే అయినా ఇప్పుడది ఆడుకునేది కాదు.

ఆడించి చూపించమని వచ్చినవాళ్లంతా అడుగుతారు. స్ప్రింగ్ తుపాకీలా విడిచే రకాలు, అంటే 1877 నాటి క్రీడ్‌మూర్ సిపాయి, 1896 విలియం టెల్, 1907లో వచ్చిన టెడ్డీ అండ్ ది బేర్ లాంటివి, మీట నొక్కి వదిలేస్తే చెయ్యి ఠపీమని కొట్టుకుంటుంది, ఆ దెబ్బకే నూరేళ్ల ఇనుము ఎక్కడో చిట్లుతుంది. కదిలే భాగాన్ని వేలితో ఆపుతూ నెమ్మదిగా వదలండి. అసలు ఆట ఎలా ఉంటుందో ఒకసారి వీడియో తీసి పెట్టుకుంటే తర్వాత వచ్చినవాళ్లకి అదే చూపించొచ్చు. ఎప్పుడూ స్ప్రింగ్ బిగించి అరలో పెట్టకండి.

అర గాజుదైతే మంచిది, చెక్కదైతే ఓక్ చెక్క వద్దు, దాన్నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసం మీద పనిచేస్తుంది. గదిలో తేమ యాభై శాతం లోపు ఉండేలా చూసుకోండి, అరలో చిన్న తేమ మీటర్ పెడితే ఊహాగానాలు అక్కర్లేదు.

ప్రతి బొమ్మకీ ఒక కాగితం రాయండి: ఎక్కడ కొన్నారు, ఎంతకి, ఏ తేదీన, ఏ రిపేర్లు కనిపించాయి, పీఠం గీత, ఆరు వైపుల ఫొటోలు. ఇన్సూరెన్స్‌కి కావాలి, అమ్మేటప్పుడు అంతకంటే ఎక్కువ కావాలి.

పంపించాల్సి వస్తే టేప్ బొమ్మ మీద ఎక్కడా తగలనివ్వకండి, టేప్ లాగితే రంగు దానితోపాటే వస్తుంది. కదిలే చేతుల్ని టిష్యూ కాగితం ఉండలతో కదలకుండా సర్ది, ఆమ్లం లేని టిష్యూలో చుట్టి, ఆ పైనే బుడగల ప్లాస్టిక్ చుట్టండి, నేరుగా రంగు మీద చుడితే బుడగల గుర్తులు పడతాయి. ఒక పెట్టెలో పెట్టి, దాన్ని ఇంకో పెద్ద పెట్టెలో, చుట్టూ నాలుగు వేళ్ల మందాన మెత్తలు పోసి పెట్టండి. విడిగా తీయగలిగిన భాగాలుంటే విడిగా చుట్టి, లోపల ఇంకో ముక్క ఉందని పెట్టె మీద రాయండి, లేకపోతే అందుకున్నవాళ్లు ఆ చిన్న పొట్లాన్ని చెత్తతోపాటు పారేస్తారు.